పాతర తీసిన చెయ్యి

రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు పండిన రాగులు రెండు చోట్లకు చేరేవి. కొన్ని గాదెకు, కొన్ని పాతరకు. గాదెలోవి ఆ ఏటి తిండికి. పాతరలోవి వాన రాని ఏటికి. నీళ్ళు నిలవని గట్టి నేల చూసి, మనిషి నిలువుకు మించిన లోతున పాతర తవ్వేవాళ్ళు. మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా ఉండేది. అడుగునా గోడలకూ ఎండుగడ్డి దట్టంగా పేర్చి, రాగులు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, బండ మూసి మట్టితో మెత్తేవాళ్ళు. రాగికి పురుగు అంత తొందరగా పట్టదు, పాతరలో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. పాతర తీసే రోజు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. బండ తీసీ తీయగానే లోపలికి దిగితే ఊపిరాడక మనిషి కూలిపోతాడు. అందుకని ఒక పూట తెరిచిపెట్టి, తాడుకు దీపం కట్టి దించి, అది ఆరిపోకుండా వెలుగుతుంటేనే ఒకడు కాలు పెట్టేవాడు. అట్లా వచ్చిన రాగుల సంగటికి కొంచెం ముక్కవాసన ఉండేది. ఆ వాసన తెలిసినవాళ్ళు మా తరంతో ఆఖరు.

మా ఇంటి పాతరకు మా జేజి, అంటే మా నాయనమ్మ, పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. పాతర తీసినప్పుడు మొదటి గంప ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. ఊళ్ళో పొయ్యి రాజని ఇళ్ళు ఏవో ఆమెకు తెలుసు, ఆ గంప నేరుగా అక్కడికి పోవాల్సిందే. మా నాయనకు ఇష్టమున్నా లేకున్నా అది జరిగేది. ఎందుకని అడిగితే ఆమె చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. "మా పుట్టింటి పక్క బుడ్డా వెంగళరెడ్డి ఉండె నాయనా. ఆయప్ప కరువులో పాతర్లు పాతర్లే తీసి ఊళ్ళకు ఊళ్ళకు పోసినాడు. మనం గంపెడు పోయలేమా?"

జేజి పుట్టిల్లు కోవెలకుంట్ల వైపు. ఆ సీమను రేనాడు అంటారు. కుందూనదికి రెండు పక్కలా నల్లరేగడి. వాన కురిస్తే కాలు దిగబడి పైకి రాదు, వాన తప్పితే చెయ్యి దూరేంత పగుళ్ళు. జొన్న, కొర్ర, పత్తి అక్కడి పంటలు. అక్కణ్ణించి గుట్టలు, బండరాళ్ళు, ఎర్రమట్టి, మాండవ్యనది ఇసుక ఉన్న మా రాయచోటికి ఆమె కోడలిగా వచ్చింది. పుట్టింటి సారెలో ఏమేం తెచ్చుకుందో నాకు తెలియదు గానీ, వెంగళరెడ్డి పాట మాత్రం తెచ్చుకుంది. ఇసుర్రాయి తిప్పేటప్పుడు పాడేది. కళ్ళంలో కూర్చుని కసువు ఏరేటప్పుడు పాడేది. మా ఊరి వీరభద్రస్వామి తిరునాళ్ళకు కోలాటం వేసే ఆడవాళ్ళు ఆమె దగ్గర ఆ పాట నేర్చుకున్నారు. ఆ మనిషిని చూసినవాళ్ళు మా రాయచోటి పక్క ఒక్కరూ లేరు. అయినా ఆయన మా ఇళ్ళల్లో బంధువు కింద లెక్క.

బుడ్డా వెంగళరెడ్డిది ఉయ్యాలవాడ. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. ఆ ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కుంఫిణీ మీద తిరగబడిన నరసింహారెడ్డి. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడి, 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరికంబం ఎక్కిన వీరుడాయన. ఆయన పోయాక ఇరవై ఏళ్ళు కూడా తిరగకుండానే అదే ఊళ్ళో రెండో పేరు పుట్టింది. వెంగళరెడ్డి కత్తి పట్టలేదు, కొలువు చేయలేదు, రాజ్యం ఏలలేదు. భూమి, పశువులు, ధాన్యం ఉన్న ఒక పల్లెటూరి కాపు. సీమ జానపదులు మాత్రం ఇద్దరినీ ఒక్క ఎత్తున నిలబెట్టి పాడుకున్నారు. ఆ పాటల మీద పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు గారు తన పుస్తకానికి 'రేనాటి సూర్యచంద్రులు' అని పేరు పెట్టారు. సూర్యుడు నరసింహారెడ్డి, చంద్రుడు వెంగళరెడ్డి. ఒకరు మండినవారు, ఇంకొకరు చల్లార్చినవారు. జనం నాలుక మీద నిలవడానికి ఈ రెండూ సమానమైన పనులేనని మా సీమ తీర్పు.

1866 కరువు పెద్దది. ఒడిశాలో లక్షల మందిని పొట్టనపెట్టుకున్న ఆ కరువే మద్రాసు రాజధానిలో గంజాం నుంచి బళ్ళారి దాకా పాకింది. రేనాటి నల్లరేగడికి వాన మొహం చాటేసింది. ఆ ఏడు ఉయ్యాలవాడలో వెంగళరెడ్డి గంజి పోయించాడు. తన ఊరివాళ్ళకూ, తన కులంవాళ్ళకూ అని గీత గీయలేదు. ఆకలితో ఎవరొస్తే వాళ్ళకు, ఎన్నాళ్ళు వస్తే అన్నాళ్ళు. నెలల తరబడి రోజూ వేల మంది తాగారని చెప్పుకుంటారు. గాదెలు అయిపోతే పాతర్లు తీశాడు. పాతర్లు అయిపోతే ఆస్తి తెగనమ్మి ధాన్యం కొన్నాడు. ఆ సంగతి దొరల కచ్చేరీలకు ఎక్కి, విక్టోరియా రాణి పేరు మీద ఆయనకు బంగారు పతకం వచ్చింది. అది ఇరవై తులాలని రేనాట్లో ఇప్పటికీ చెబుతారు. 1900లో ఆయన కన్నుమూశాడు.

మా జేజికి ఈ కథ పతకంతో మొదలయ్యేది కాదు, పతకంతో ముగిసేదీ కాదు. ఆమె చెప్పేదంతా గంజి గురించే. ఆమెకు ఆ కథ చెప్పింది వాళ్ళ జేజి. ఆ ముసలామె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వచ్చిన కరువది. ఇంటి ఇసుర్రాయి ఎన్నాళ్ళుగానో మోగలేదు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, అంబలి కాచుకున్నారు. బలుసాకు దూసుకొచ్చారు. బతికుంటే బలుసాకు తిని బతకొచ్చని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ సామెత వెనక నిజంగానే ఆకు తిని బతికిన తరాలు ఉన్నాయి. పశువుల్ని విప్పి వదిలేశారు, మేపలేక. ఆఖరికి మనుషులు కూడా కాళ్ళు ఈడ్చుకుంటూ గంజి వాసన వచ్చే దిక్కుకు నడిచారు.

ఆకలితో అలమటించిన మనిషికి తిండి పెట్టడం ఒక విద్య. అది మా పాత ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎన్నో రోజులు కడుపు కాలినవాడికి కడుపునిండా సంగటి పెడితే వాడు చచ్చిపోవచ్చు. మొదట పల్చని గంజి, అందులో ఉప్పు. అది కూడా ఒక్కసారే ముంతెడు పోయకూడదు. కాస్త తాగించి, కూర్చోబెట్టి, పొద్దెక్కాక మళ్ళీ కాస్త. రెండో మూడో రోజుకు చిక్కన చేయాలి. నాలుగు రోజులు పోయాక గానీ ముద్ద పెట్టకూడదు. ఇంత ఓర్పు ఒకరిద్దరికి చూపించడం వేరు, వేల మందికి చూపించడం వేరు. పెద్ద పెద్ద గంగాళాల్లో తెల్లవారకముందే ఎసరు పెట్టాలి. ఎండిపోయిన ఊళ్ళో అన్ని నీళ్ళు ఎక్కడో ఇంకా ఊట ఉన్న బావి నుంచి మోయించాలి. కట్టెలు బండ్ల మీద తేవాలి. జొన్నలు విసరడానికి పొద్దస్తమానం ఇసుర్రాళ్ళు తిరగాలి. కలిపేవాళ్ళు, పోసేవాళ్ళు, కుండలు కడిగేవాళ్ళు కావాలి. దారిలో పడిపోయినవాళ్ళను ఎత్తుకొచ్చేవాళ్ళు కావాలి. దాత ఒక్కడి పేరే పాటలోకి ఎక్కుతుంది గానీ, ఆ పొయ్యిల దగ్గర చేతులు బొబ్బలెక్కించుకున్న ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. జేజి ఈ మాట మరవకుండా చెప్పేది. ఆ గంజి కాసిన చేతుల్లో తన ముత్తవ్వలెవరో ఉన్నారని ఆమె నమ్మకం.

వెంగళరెడ్డి చేసిందేమిటో బాగా అర్థం కావాలంటే, తర్వాత పదేళ్ళకు వచ్చిన కరువు పక్కన పెట్టి చూడాలి. 1876లో మొదలై 1878 దాకా నడిచిన ఆ కరువును మనవాళ్ళు ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి. దక్షిణ భారతమంతా దాని కింద నలిగింది. కర్నూలు జిల్లా అయితే ఊడ్చుకుపోయింది. 1871 జనాభా లెక్కల్లో ఆ జిల్లా జనం 9 లక్షల 14 వేలు. 1881 లెక్కల్లో 6 లక్షల 78 వేలు. నాలుగో వంతుకు పైగా మనుషులు లేకుండా పోయారు. మా కడప జిల్లా కూడా 13 లక్షల 51 వేల నుంచి 11 లక్షల 21 వేలకు పడింది. ఆ పదేళ్ళలో పుట్టాల్సినవాళ్ళు పుట్టలేదు, ఉన్నవాళ్ళు ఉండలేదు, కొందరు దేశాలు పట్టి పోయారు.

అప్పుడు సర్కారు ఏమీ చేయలేదని కాదు. కరువు పనులు పెట్టింది. రోడ్లు వేయించింది, చెరువులు తవ్వించింది. కానీ 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, పనికొచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా డబ్బు చాలన్నాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా లేదు. రోజంతా రాళ్ళు కొట్టి, మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించి రాశాడు. ఖర్చు తగ్గించడమా, మనుషుల్ని దక్కించుకోవడమా అన్న వాదం కాగితాల మీద నెలల తరబడి నడిచింది. అది నడుస్తున్నంతకాలం శిబిరాల్లో జనం రాలిపోతూనే ఉన్నారు. ఆకలికి తూకం వేసినవాళ్ళు ఒక పక్క, తూకం చూడకుండా పోసినవాడు ఒక పక్క. మా జేజికి టెంపుల్ దొర పేరు తెలియదు. ఆ కాలపు మనుషులెవరికీ ఆయన మీద పాట కట్టాలని తోచలేదు.

మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని చెప్పారు. కొడుకు, కావ్యం, నిధి, గుడి, తోట, చెరువు, అగ్రహారం. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఇవి. మా కడప జిల్లాలో ఈ లెక్కను మనసుకు పట్టించుకున్నవాళ్ళు చాలామంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో పోరుమామిళ్ళ చెరువు కట్టించి, రాయి మీద శాసనం చెక్కించాడు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలేవో, ఉండకూడని దోషాలేవో కూడా రాయించాడు. చదువుకున్న ఇంజనీర్లు ఇప్పటికీ ఆ రాయి ముందు నిలబడి ఆశ్చర్యపోతారు. రాజుల సంగతి అట్లా ఉంచితే, మామూలు గృహస్థులూ చెరువులు కట్టించారు. అట్లా కట్టించినవాడికి ఆ చెరువు కింది భూమిలో పదో వంతు మాన్యంగా ఇచ్చేవాళ్ళు. దాన్ని దశబంధం అన్నారు. గట్టు తెగితే పూడ్చడం, తూము చెడితే బాగుచేయించడం ఆ మాన్యం తినేవాడి పూచీ. దానం చేసినవాడి మనవడు కూడా ఆ దానానికి కట్టుబడి ఉండేట్టు వేసిన ముడి అది. 1858 తర్వాత ఇనాం కమిషన్ వచ్చి మాన్యాలన్నిటినీ కాగితాల్లోకి ఎక్కించింది. పోనుపోను చెరువుల బాగోగులు సర్కారువయ్యాయి. ఊరివాళ్ళ చెయ్యి వాటిమీద నుంచి జారిపోయింది.

ఈ ఏడు సంతానాల్లో గంజి ఎక్కడా లేదు. గంజి తాగితే అయిపోయింది. దాన్ని రాయి మీద చెక్కలేరు, దానికి గోపురం లేదు, తూము లేదు, పట్టా లేదు. వెంగళరెడ్డి అంత ఆస్తి పెట్టి కట్టించింది కంటికి కనపడేదేమీ కాదు. మరి ఆయన వెనక ఏం మిగిలింది? ఆ గంజి తాగి బతికినవాళ్ళు మిగిలారు. వాళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, బిడ్డలు పుట్టారు, ఆ బిడ్డలకు బిడ్డలు. మా జేజి వాళ్ళ జేజి ఆ ఏడు దక్కకపోయి ఉంటే మా జేజి లేదు, నేను లేను, ఈ మాటలూ లేవు. ఇప్పుడు రేనాట్లో, కడపలో, హైదరాబాదులో, ఇంకా దూరదేశాల్లో తిరుగుతున్న ఎందరి వంశాలు ఆ గంగాళాల దగ్గర తెగిపోకుండా నిలిచాయో లెక్క తీసేవాళ్ళు లేరు. పెద్దల జాబితాలో ఎనిమిదోది చేర్చే హక్కు నాకుంటే, ఆకలినాడు దక్కిన ప్రాణాన్ని చేరుస్తాను.

ఆయన్ని పాటలో నిలబెట్టింది కూడా ఆ బతికినవాళ్ళే. ఏ కవికీ అగ్రహారం ఇచ్చి రాయించుకున్న కావ్యం కాదది. కోలాటం వేసేవాళ్ళు, నాట్లు వేసేవాళ్ళు, ఇంటింటికీ తిరిగే భిక్షుకులు తలా ఒక చరణం కలుపుకుంటూ పోయారు. అందుకే ఊరికొక తీరుగా ఉంటుంది. మా రాయచోటిలో జేజి పాడినదానికి, నంద్యాల పక్క పాడేదానికి మాటల్లో చాలా తేడా ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది.

నా చిన్నతనంలో, అంటే అరవైల్లో, రాయచోటి పల్లెల్లో ఇట్లాంటి పెట్టుపోతలు రోజువారీ బతుకులో కలిసిపోయి ఉండేవి. వాటిని దానధర్మాలని ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. కడపకు పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగాలి. బండ్లు కట్టుకుని రాత్రంతా పోయేవాళ్ళు. దారిలో చెట్టుకిందో, పూరిపాకలోనో మట్టికుండలు పెట్టి, ఎవరో ఒక ముసలామె నీళ్ళు పోస్తూ ఉండేది. ఎండాకాలం నీళ్ళల్లో కొంచెం మజ్జిగ, ఉప్పు, కరివేపాకు పడేవి. ఆ కుండలు పెట్టించింది ఎవరని అడిగితే ఒక్కోచోట ఒక్కో పేరు చెప్పేవాళ్ళు. కొడుకు పోయిన తల్లి ఒకరు, పిల్లల్లేని దంపతులు ఒకరు, వ్యాపారంలో కలిసొచ్చిన కోమటి ఒకరు, మొక్కు తీర్చుకున్న ముస్లిం సాయిబు ఒకరు. దారి పక్కన రెండు నిలువురాళ్ళు పాతి, వాటి మీద అడ్డంగా బండ వేసి ఉండేది. నెత్తిమీద మూట ఉన్నవాళ్ళు ఇంకొకరి సాయం లేకుండా దించుకుని, మళ్ళీ ఎత్తుకోవడానికి. ఒంటరిగా నడిచే ఆడమనిషి అవస్థ ఎరిగినవాళ్ళు పెట్టించిన రాళ్ళవి. వాటిమీద పేర్లు ఉండేవి కావు.

కళ్ళంలో పంట నూర్చినప్పుడు రాశి ఇంటికి చేరేలోగా ఎన్నో చేతుల్లోకి పోయేది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, నీరుగట్టి, అందరికీ మేర కొలవాల్సిందే. అది వాళ్ళ పనికి కూలి, ఎవరి దయా కాదు. అది అయ్యాక దాసరికి, జంగానికి, ఫకీరుకు చేటెడు. ఆఖరుకు కళ్ళం ఊడ్చి ఎత్తిన మట్టికలిసిన గింజలు ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళకు వదిలేసేవాళ్ళు. మా అమ్మ సంగటికి పిండి తీసేటప్పుడు ప్రతిసారీ ఒక పిడికెడు వేరే కుండలో వేసేది. నెల తిరిగేసరికి ఆ కుండ నిండేది. అది ఎవరికి పోతుందో మాకు చెప్పేది కాదు. పుచ్చుకున్నవాళ్ళ పేరు పిల్లల నోట పడకూడదని ఆమె జాగ్రత్త.

ఈ బతుకును ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ మేరల వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కులం నిర్ణయించేది. కొన్ని బావులు కొందరివి, కొన్ని కుండలు కొందరికి ముట్టరానివి. పాతర ఉన్నవాడి మనసు మంచిదైతే ఊరు బతికింది, కాకపోతే అదే పాతర ముందు నిలబడి జనం నాగుకు గింజలు తెచ్చుకుని, పంట వచ్చాక రెట్టింపు కొలిచారు. నాగు తీర్చలేక భూములు పోగొట్టుకున్న కుటుంబాలు మా ఊళ్ళోనే ఉన్నాయి. ఒక మనిషి గుండె మీద ఊరి ప్రాణం ఆధారపడటం మంచి ఏర్పాటు కానే కాదు. అందుకే వెంగళరెడ్డిని ఆ జనం అంతగా గుర్తుపెట్టుకున్నారు. అట్లాంటివాళ్ళు అందరూ అయి ఉంటే ఆయనకు వేరే పాట అవసరం అయ్యేది కాదు.

పాతర్లు మా కళ్ళ ముందే పోయాయి. రాగి, కొర్ర, జొన్న వేసే చేలల్లో చెనిక్కాయలు వచ్చాయి. చెనిక్కాయ అమ్ముకునే పంట. కళ్ళంలోంచి నేరుగా మండీకి పోతుంది, మేర కొలవడానికి అందులో ఏముంది? కపిల బావులు ఎండి బోర్లు వచ్చాయి. 1952 ప్రాంతాల కరువులో సర్కారే గంజి కేంద్రాలు పెట్టింది, మా నాయన తరం వాటి ముందు వరసలో నిలబడింది. తర్వాత చౌకదుకాణాలు వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రాగిసంగటి తినే ఇళ్ళు కూడా వరి అన్నానికి మళ్ళాయి. ఇప్పుడు మా సీమలో కరువు వస్తే పంట పోతుంది, అప్పు పెరుగుతుంది, మనుషులు వలస పోతారు. కానీ ఆకలితో దారుల్లో రాలిపోరు. ఇది చిన్న మార్పు కాదు. ధాత కరువు చూసినవాళ్ళెవరైనా లేచి వస్తే దీనికి చేతులెత్తి మొక్కుతారు. పాతర పూడిపోయినందుకు నాకు దుఃఖం లేదు. పాతరతోపాటు ఆ మొదటి గంప లెక్క కూడా పూడిపోయింది, బాధంతా దాని గురించే.

తెలుగునేల మీద అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు, 1841లో పుట్టి 1909లో పోయే దాకా, వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండిపెట్టారు. గోదావరి దాటి వచ్చిన ఏ బాటసారీ ఆ ఇంటి ముందు నుంచి ఆకలితో పోలేదని చెబుతారు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు, పెట్టదగిన పేరు. ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాక పచ్చబడిన డెల్టా అది. ఆ తల్లి గొప్పతనం వేళాపాళా చూడని ఓపికలో ఉంది. మా రేనాటి మనిషిది ఇంకో తీరు. ఆయన పెట్టింది తన చేలు కూడా ఎండిపోయిన ఏడు. రేపు తన ఇంటికి ఉంటుందో లేదో తెలియని గింజను ఇవాళ ఎదుటివాడి ముంతలో పోశాడు. మెట్టసీమ దానానికి ఆ తెగింపు కావాలి.

ఆ తెగింపు మాలో పూర్తిగా పోలేదని నాకు నమ్మకం కలిగించినవాళ్ళు ఉన్నారు. మా కడప జిల్లా కొండల్లో అవధూత కాశినాయన ఒంటిమీద గుడ్డముక్కతో తిరిగి, పాడుపడిన గుళ్ళను బాగుచేయించి, ప్రతిచోటా పొయ్యి రాజేయించాడు. గుడి ఉన్నచోట అన్నం ఉండాలన్నది ఆయన పట్టు. 1995లో ఆయన పోయాక కూడా ఆయన పేరుమీద సత్రాలు నడుస్తున్నాయి, రైతులు బస్తాలు బస్తాలు తెచ్చి ఇస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఒక మండలానికే ఆయన పేరు. ఇక మా రాయచోటి సంగతి చూస్తే, ప్రతి పల్లె నుంచీ కువైట్ పోయినవాళ్ళు ఉన్నారు. ఎడారి ఎండలో డ్రైవర్లుగా, ఇళ్ళల్లో వంటమనుషులుగా, ఆయాలుగా పనిచేసి కూడబెట్టిన డబ్బులో కొంత తీసి ఊరికి మంచినీళ్ళ ప్లాంటు పెట్టించినవాళ్ళు, మసీదుకో గుడికో గది కట్టించినవాళ్ళు, ఎవరి బిడ్డ ఆపరేషనుకో నలుగురూ కలిసి పంపినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళకు పాతర్లు లేవు. అయినా మొదటి గంప తీస్తూనే ఉన్నారు.

అందుకే నాకొక ఆశ, అది ఆశ కన్నా కోరిక. వెంగళరెడ్డి పాట తెలిసిన ముసలివాళ్ళు రేనాట్లో ఇంకా కొందరు ఉన్నారు, మా పక్క ఒకరిద్దరు ఉండవచ్చు. ప్రతివాడి జేబులో ఫోను ఉంది. వాళ్ళ దగ్గర కూర్చుని, పాడించి, ఏ ఊళ్ళో ఎవరు పాడారో రాసి దాచుకోవాలి. మా ఊరి బళ్ళో పిల్లలకు ఉయ్యాలవాడ అంటే ఒక్క పేరే నేర్పుతున్నారు, రెండోదీ నేర్పాలి. వీరుడి కథ విన్న పిల్లవాడు గంజి పోసినవాడి కథ కూడా వింటే, ధైర్యానికి రెండు రూపాలున్నాయని వాడికి చిన్నప్పుడే తెలుస్తుంది.

ఇంకొక పని అంతకన్నా సులువు. ప్రతి ఊరికీ చలివేంద్రం పెట్టించిన ఒక ముసలామె, బావి తవ్వించిన ఒక కాపు, కరువులో గాదె తెరిచిన ఒక ఇల్లు ఉంటుంది. వాళ్ళ మీద పాట పుట్టలేదు, పతకం రాలేదు. ఊరి పెద్దల్ని అడిగితే పేర్లు చెబుతారు, ఇంకో పదేళ్ళు పోతే చెప్పేవాళ్ళు ఉండరు. ఆ పేర్లు ఊరి బడి గోడ మీద రాయిద్దాం. అప్పు తీర్చే శక్తి లేనప్పుడు అప్పు ఉందని ఒప్పుకోవడమైనా మన పద్ధతి కదా. మనం బతికి ఉండటంలో మన పెద్దల కష్టం ఎంత ఉందో, వాళ్ళను ఆ కరువుల్లో బతికించినవాళ్ళ చెయ్యి కూడా అంతే ఉంది.